ఆన్సర్ కీ లేఖనము కాదు



ఈ వారం వాట్సాప్‌లో తిరిగే బైబిలు క్విజ్‌ల గురించి రాస్తున్నాము. "పది ప్రశ్నలు, ప్రశ్నకు ఇరవై సెకన్లు, ఎనిమిది దాటినవారికి సర్టిఫికెట్, మరో ఐదు గ్రూపులకు పంపండి" అంటూ మన సంఘపు గ్రూపులోకి కూడా రోజుకు రెండు మూడు వచ్చి పడుతున్నవి. ఇంత చిన్న సంగతికి పాస్టరుగారు ఇంత రాయాలా అని మీలో కొందరు అనుకోవచ్చు. రాయాలి. ఎందుకంటే వీటిలో చాలావాటికి ఒక వింత గుణమున్నది. బైబిలు పైపైన విన్నవాడికి పదికి పది వస్తాయి. శ్రద్ధగా చదివినవాడికి మార్కులు తగ్గుతాయి.

ఒక ఉదాహరణ చూడండి. "నోవహు ఓడలోనికి ఒక్కో జాతి జంతువులను ఎన్నింటిని తీసుకొని వెళ్లెను? ఎ) రెండు బి) మూడు సి) నాలుగు డి) పది." కీ ప్రకారం జవాబు రెండు. ఆదికాండము 6:19 చూస్తే రెండేసి అని ఉన్నమాట నిజమే. కాని పేజీ తిప్పి 7:2 చూడండి. పవిత్రమైన జంతువులలో పోతులు ఏడు, పెంటులు ఏడు అని దేవుడే నోవహుతో చెప్పాడు. వరద తగ్గిన తరువాత నోవహు బలిపీఠము కట్టి దహనబలి అర్పించాడంటే (8:20) ఆ లెక్క ఉన్నందుకే. రెండే ఉంటే, ఒకటి బలి ఇచ్చిన రోజున ఆ జాతి అక్కడితో సరి!

మన సండే స్కూల్‌లో ఏడో తరగతి చదివే ఒక పాప ఈ ప్రశ్న దగ్గర ఆగిపోయింది. అంతకు రెండు వారాల ముందే టీచరమ్మ ఆరు, ఏడు అధ్యాయాలు చదివించింది. పాపకు రెండూ గుర్తున్నాయి. "పవిత్రమైనవా, కానివా" అని వెతుక్కుంటూ ఉండగానే ఇరవై సెకన్లు అయిపోయినవి. తొమ్మిది మార్కులు. వాళ్ల అన్నకు పది. అతడు ఏడో అధ్యాయము తెరిచినవాడు కాడు. టీచరమ్మ ఆ క్విజ్ వారికి రెండు వచనాలూ టైపు చేసి, మర్యాదగా అడిగింది. మరుసటి రోజు జవాబు వచ్చింది: "కీ ఫైనల్ సిస్టర్", పక్కన రెండు చేతులు జోడించిన బొమ్మ. పాప అన్న మాట మాత్రము మాకు ముల్లులా గుచ్చుకొన్నది. "ఇంకోసారి ఇంత వివరంగా చదవను టీచర్, మార్కు పోతుంది" అన్నది.

ప్రియులారా, ఆ ఒక్క మార్కు పోతే పోనివ్వండి. ఆ పిల్ల నేర్చుకొన్న పాఠం సంగతేమిటి? లేఖనము కన్నా కీ పెద్దదని నేర్చుకొన్నది.

ఇంకొకటి. "యేసు సిలువను మోసినది ఎవరు?" అని అడుగుతారు. ఆప్షన్లలో యేసు ఉంటాడు, కురేనీయుడైన సీమోనూ ఉంటాడు. ఒకటే టిక్కు పెట్టాలి. మత్తయి, మార్కు, లూకా సీమోను మోసెనని చెబుతున్నారు. యోహాను 19:17 ప్రకారం ప్రభువు తన సిలువ తానే మోసికొని బయలుదేరాడు. రెండూ నిజమే. దారిలో ఏమి జరిగి ఉంటుందో, కొరడా దెబ్బలు తిన్న ఆ వీపు ఎంత దూరము మోయగలిగిందో రెండూ కలిపి చదివితేనే మనసుకు తడుతుంది. అలాగే సైనికులు ఆయనకు తొడిగిన వస్త్రము మత్తయిలో ఎర్రనిది, మార్కులో ఊదారంగుది. సొలొమోను గుర్రపు శాలలు మొదటి రాజులు 4:26లో నలభై వేలు, రెండవ దినవృత్తాంతములు 9:25లో నాలుగు వేలు. దావీదును జనసంఖ్యకు ప్రేరేపించినది ఎవరంటే రెండవ సమూయేలు 24:1 ఒకటి చెబుతుంది, మొదటి దినవృత్తాంతములు 21:1 సాతాను అంటుంది. ఇవి తీరిగ్గా కూర్చొని, ప్రార్థనతో, పెద్దలను అడిగి చదువుకోవలసిన చోట్లు. సెమినరీలో వీటి మీద మాకు గంటలు గంటలు క్లాసులు జరిగినవి. అయినా తరగతి అంతా ఏకమైనది లేదు. దేవుడు మనకు నాలుగు సువార్తలు, నలుగురు సాక్షులను ఇస్తే, క్విజ్ చేసినాయన ముగ్గురిని కొట్టివేసి ఒకరికి టిక్కు పెడుతున్నాడు.

ఇక బైబిలులో లేనివి అడిగే ప్రశ్నలు. "ఆదాము హవ్వలు తిన్న పండు ఏది?" ఆపిల్ అట. ఆదికాండము మూడో అధ్యాయంలో పండు పేరే లేదు. పేరుతో ఉన్నది అంజూరపు ఆకులు మాత్రమే. ఆ ఆపిల్ పడమటి దేశపు చిత్రకారుల బొమ్మల్లోనుంచి మన పిల్లల నోటికి వచ్చింది. ఆ బొమ్మలు మన తిరువూరు, నూజివీడు వైపు వేసి ఉంటే ఈపాటికి బంగినపల్లి మామిడి అయి ఉండేది. "తూర్పు దేశపు జ్ఞానులు ఎందరు?" కానుకలు మూడు, మనుషులెందరో మత్తయి చెప్పలేదు. "సౌలు దమస్కు మార్గంలో దేని మీదనుండి పడెను?" కీలో గుర్రము. అపొస్తలుల కార్యములు 9, 22, 26 మూడు అధ్యాయాలూ వెతకండి, గుర్రము లేదు. మగ్దలేనే మరియను లూకా ఏడో అధ్యాయంలోని పాపాత్మురాలైన స్త్రీతో కలిపేయడం ఇంకా అన్యాయం. లూకా ఎనిమిదో అధ్యాయంలో ఆమెను కొత్తగా పరిచయం చేస్తూ ఏడు దయ్యములు వదలిపోయిన స్త్రీ అన్నాడు, అంతే. చనిపోయిన మనిషి మీద లేని నింద వేసి, దాన్ని గుర్తుపట్టినవారికి ఒక మార్కు ఇస్తున్నారు.

యోనాను మింగినది చేపా తిమింగలమా అనేది వీళ్లకు బాగా ఇష్టమైన ప్రశ్న. యోనా గ్రంథంలో గొప్ప మత్స్యము అని ఉన్నది, కాబట్టి తిమింగలమన్నవాడు తప్పు అని కొట్టేస్తారు. కాని మన తెలుగు బైబిలులో మత్తయి 12:40 తెరిస్తే అక్కడ తిమింగిలము అనే ఉన్నది! గ్రీకు మాట పెద్ద సముద్ర జీవి దేనికైనా చెల్లుతుంది. ఆ వచనము చదివి తిమింగలమన్న మనిషి ఏమి తప్పు చేశాడు?

వీటిలో ఎక్కువ భాగము ఇంగ్లీషులోనుంచి ఎత్తుకొని, మన బైబిలుతో సరిచూడకుండా తెలుగులో పెట్టినవి. "బైబిలులో అతి చిన్న వచనము ఏది?" అనేదే దానికి సాక్ష్యము. కీలో యోహాను 11:35. లాజరు సమాధి దగ్గర ప్రభువు కన్నీరు కార్చిన వచనము. ఇంగ్లీషులో అది రెండు మాటలు, వారికి అది సరిపోతుంది. మన బైబిల్ సొసైటీ తెలుగు అనువాదములో అది మూడు మాటలు. నిర్గమకాండము 20వ అధ్యాయంలో పది ఆజ్ఞల దగ్గర 14, 15 వచనాలు చూడండి. తెలుగులో ఒక్కొక్కటి ఒకే ఒక్క మాట. దొంగతనము వద్దనే ఆజ్ఞ మనకు ఒక్క మాటలో ఇమిడిపోయింది. మన భాషకున్న ఆ అందం మన పిల్లలకు చూపించవలసిందిపోయి, ఇంగ్లీషు జవాబు రాయనందుకు వారికి సున్నా వేస్తున్నాము. గ్రీకు మూలము లెక్క తీసినా యోహాను 11:35 మూడు మాటలే, మొదటి థెస్సలొనీకయులకు 5:16 రెండు మాటలు.

"బైబిలుకు సరిగ్గా మధ్య వచనము ఏది?" దీనికి కీర్తన 118:8 అని, దానికి ముందు 594 అధ్యాయాలు, తరువాత 594 అధ్యాయాలు, రెండూ కలిపితే 1188 అని ఒక మెసేజ్ ఏళ్ల తరబడి తిరుగుతున్నది. ఫోనులో కాలిక్యులేటర్ ఉన్నది కదా, తీయండి. ఆదికాండము నుండి యోబు చివరి వరకు అధ్యాయాలు కూడండి. 478 వస్తాయి. కీర్తన 117 కలిస్తే 595. అంటే 118వ కీర్తనకు ముందు 594 కాదు, 595. మన అరవై ఆరు పుస్తకాలకు మొత్తము 1189 అధ్యాయాలు గనుక మధ్య అధ్యాయము 117వ కీర్తన. వచనాలంటారా, ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిలు లెక్కలో 31,102. సరి సంఖ్యకు ఒకే మధ్య ఎక్కడిది? రెండు వస్తాయి, అవి 103వ కీర్తన మొదటి రెండు వచనాలు. పైగా మనము వాడే అధ్యాయాల విభజన 13వ శతాబ్దములో స్టీఫెన్ లాంగ్టన్ చేసినదని చెబుతారు. కొత్త నిబంధనకు వచన సంఖ్యలు వేసి ముద్రించినది రాబర్ట్ ఎస్తియెన్, 1551లో. మనము వెతుక్కొనే వీలు కోసము మనుషులు వేసిన గుర్తులవి. ఇందులో మాకు నవ్వు వచ్చే సంగతి ఒకటున్నది. ఆ 118:8 చెప్పేదేమిటి? మనుషులను నమ్ముకోవడం కంటె యెహోవాను ఆశ్రయించుట మేలని. ఆ మాటనే, ఎవరో తెలియని మనిషి పంపిన లెక్కను నమ్మి ఫార్వర్డ్ చేస్తున్నాము.

జవాబు టైపు చేయమనే గూగుల్ ఫామ్‌ల బాధ వేరు. ఫామ్ చేసినవారు కీలో ఏ అక్షరాలు పెడితే అవే రావాలి. వేరే రూపాలు కూడా ఒప్పుకొనేలా కీలో చేర్చుకోవచ్చు, కాని చేర్చే ఓపిక ఎవరికున్నది? బేత్లెహేము అని కీలో ఉంటే బెత్లెహేము అన్నవారికి సున్నా. నలువది, నలుబది, నలభై, 40 అన్నీ ఒకటేనని మనకు తెలుసు, ఫామ్‌కు తెలియదు. మన సంఘములో ఒక పెద్దమ్మ ఉన్నది. చదువు రాదు. నలభై ఏళ్లుగా విని విని వాక్యము నోటికి పట్టింది. మనవడు ప్రశ్న చదివితే ఆమె జవాబు చెప్పింది, వాడు టైపు చేశాడు. పదిలో నాలుగు. ఆమె చెప్పిన పదీ సరైనవే, మేము ఒక్కొక్కటీ చూశాము. "నాకేమీ రాదని ఫోను చెప్పింది బాబూ" అని నవ్వుతూనే అన్నది గాని, ఆ తరువాత రెండు వారాలు కూటములో వాక్యము చెప్పమంటే నోరు విప్పలేదు.

న్యాయాధిపతులు 12వ అధ్యాయము గుర్తు తెచ్చుకోండి. యొర్దాను రేవుల దగ్గర గిలాదువారు నిలబడి, దాటవచ్చిన ప్రతివానినీ షిబ్బోలెతు అనమన్నారు. ఎఫ్రాయిమువారికి ఆ అక్షరము పలకదు, సిబ్బోలెతు అన్నారు. ఒక్క అక్షరానికి ప్రాణము తీశారు. ఆ కాలమున పడినవారు నలభై రెండు వేలమంది. క్విజ్‌లో ఎవరి ప్రాణమూ పోదు, నిజమే. కాని ఒక అక్షరము చూసి మనిషిని లోపలివాడా బయటివాడా అని తేల్చే అలవాటు మాత్రము ఆ రేవు దగ్గరదే.

ఇక ఆప్షన్ల సంగతి. ఆప్షన్లు ఇచ్చినంత మాత్రాన వాటిలో సరైన జవాబు ఉన్నదని అర్థము కాదు. యోహాను తొమ్మిదో అధ్యాయంలో పుట్టు గుడ్డివాడిని చూసి శిష్యులు ప్రభువునకు రెండు ఆప్షన్లే ఇచ్చారు: పాపము చేసినది వీడా, వీడి తల్లిదండ్రులా? ప్రభువు రెండింటికీ టిక్కు పెట్టలేదు. కైసరుకు పన్ను ఇయ్యవచ్చునా, ఇయ్యకూడదా అని అడిగినవారికి అవునని గాని కాదని గాని చెప్పలేదు, నాణెము తెమ్మన్నాడు. ఆయన ఈ క్విజ్ రాసి ఉంటే రెండుచోట్లా సున్నా. బైబిలులో కనబడే మొట్టమొదటి ప్రశ్న ఎవరు వేశారో కూడా చూడండి. సర్పము. దేవుడు ఒక్క చెట్టును గురించి చెప్పిన మాటను తోటలోని చెట్లన్నిటికీ అంటగట్టి అడిగింది. హవ్వ మొదట చేయవలసి వచ్చిన పని ఆ ప్రశ్నను సరిదిద్దడమే. తప్పుగా వేసిన ప్రశ్న చిన్న సంగతి అని మాకు ఎవరైనా చెబితే మేము ఈ చోటునే చూపిస్తాము.

మాకు వినిపించే సమాధానము ఒకటే. "ఏదో ఒకటి అయ్యగారూ, ఈ వంకతోనైనా కుర్రకారు బైబిలు పట్టుకొంటున్నారు కదా." పట్టుకొంటున్నారా? ఇరవై సెకన్లలో ఎవరైనా బైబిలు తీసి, దినవృత్తాంతములు ఎక్కడున్నదో వెతికి, చదివి, మూసి, టిక్కు పెట్టగలరా? ఆ టైమర్ పెట్టినదే పుస్తకము తెరవకుండా ఉండేందుకు. తెరిస్తే కాపీ అట! వాక్యము తెరిచి చూడడాన్ని కాపీ అనే ఆటను సంఘములో ఎవరు మొదలుపెట్టారో గాని, బెరయలోనివారిని లూకా మెచ్చుకొన్నది సరిగ్గా ఆ పని చేసినందుకే. పౌలు చెప్పినా సరే, అలా ఉన్నదో లేదో అని ప్రతిదినము లేఖనములు తీసి చూశారు. డీఎస్సీ రాసిన మన పిల్లలను అడగండి. ముందు ప్రాథమిక కీ వస్తుంది, అభ్యంతరాలకు గడువు ఇస్తారు, ఆ తరువాతే తుది కీ. ఉద్యోగము కోసము పెట్టే పరీక్షకు ఉన్నపాటి భయము దేవుని వాక్యము పేరిట పెట్టే పరీక్షకు లేదు.

మేము ప్రశ్నలకు వ్యతిరేకులము కాము. సంఘము ప్రశ్నలతోనే పెరిగింది. 1529లో లూథరు చిన్న ప్రశ్నోత్తరి రాసినది పామరులైన పల్లెటూరి జనము కోసము. ప్రతి ఆజ్ఞ దగ్గరా దీనికి అర్థమేమి అని ఆగి అడిగాడు. గుంటూరు వైపు లూథరన్ సంఘాలలో తరతరాలు దాన్ని కంఠస్థము చేశారు. 1647లో వెస్ట్‌మినిస్టర్‌లో కూర్చొన్న దైవజనులు 107 ప్రశ్నలతో చిన్న ప్రశ్నోత్తరి సిద్ధము చేస్తే, ఇంగ్లండు పార్లమెంటు ఇది చాలదు, జవాబులకు లేఖన ఆధారాలు చూపండి అన్నది. 1648లో ఆధారాలతో సహా ఇచ్చారు. పండితులనే ఆధారము అడిగారు. ఫోనులో పది ప్రశ్నలు పంపినవారిని మనము అడగకూడదా?

సమ్సోను వేసిన విప్పుడు కథ మీకు తెలుసు. సింహము కళేబరములో తేనె. అది చూసినది అతడొక్కడే, తల్లిదండ్రులకు కూడా చెప్పలేదు. అటువంటి దానిని పెండ్లివిందులో ముప్పది వస్త్రాల పందెముతో వేశాడు. తెలుసుకొనే దారి లేని ప్రశ్న, పైన బహుమానము. ఏమైంది? భార్యకు బెదిరింపులు, ఏడుపులు, చివరకు అష్కెలోనులో ముప్పదిమంది హతము. ఫిలిప్పు కూడా ఒక ప్రశ్న వేశాడు. రథములో యెషయా గ్రంథము చదువుకొంటున్న ఐతియొపీయుడిని చదివేది గ్రహిస్తున్నావా అని అడిగాడు. అతడు త్రోవ చూపేవాడు లేకపోతే ఎట్లా అన్నాడు. అప్పుడు ఫిలిప్పు మార్కు వేయలేదు. రథమెక్కి అతని పక్కన కూర్చున్నాడు.

మరొక మాట, వాక్యముతో సంబంధము లేనిదే గాని చెప్పాలి. సర్టిఫికెట్ ఇస్తామని ఫోను నంబరు, ఆధార్, ఓటీపీ అడిగే లింకులకు ఏమీ ఇవ్వకండి, అడిగినవారు బైబిలు పేరు చెప్పినా సరే. ఫేస్‌బుక్‌లో ఒక వ్యక్తిత్వ క్విజ్ ద్వారా 8 కోట్ల 70 లక్షల మంది వరకు వివరాలు కేంబ్రిడ్జ్ అనలిటికా చేతికి చేరి ఉండవచ్చని 2018లో ఫేస్‌బుక్ సంస్థే ఒప్పుకొన్నది. వారిలో ఎక్కువమంది ఆ క్విజ్ ఆడినవారు కూడా కారు, ఆడినవారి స్నేహితులు.

కాబట్టి క్విజ్‌లు తయారు చేసే సహోదరులారా, మీ ఆసక్తిని మేము తక్కువ చేయడము లేదు. ప్రతి జవాబు పక్కన రిఫరెన్సు పెట్టండి. ఏ తెలుగు అనువాదము చూశారో రాయండి. రెండు చోట్ల రెండు విధాలుగా ఉంటే ఆ ప్రశ్న వదిలేయండి, లేదా రెండూ అడగండి. టైమర్ తీసివేయండి. ఎవరైనా వచనము చూపించి అడిగితే చేతులు జోడించిన బొమ్మ పంపకుండా కీ మార్చండి. ఇది చేతకాకపోతే మానేయండి, సంఘానికి నష్టమేమీ లేదు.

మన గ్రూపు వరకు ఒక తీర్మానము. పెద్దలతో మాట్లాడే రాస్తున్నాము. రిఫరెన్సులు లేని క్విజ్ ఇకమీదట గ్రూపులో ఉంచము, ఎంత పేరున్న పరిచర్య వారు పంపినా తీసివేస్తాము. హైదరాబాదు, ఖమ్మము, గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలు కూడా ఇది గమనించాలి. తీసివేస్తే అలగకండి.

వచ్చే ఆదివారము ఆరాధన తరువాత నెమలి మందిరములో మన క్విజ్ ఉంటుంది. పిల్లలు, పెద్దలు కలిసి. మూడే ప్రశ్నలు, గంట సమయము. బైబిలు తెరిచి పెట్టుకొని కూర్చోవాలి, పక్కవారిని అడగవచ్చు, రాయడము రానివారు నోటితో చెప్పవచ్చు. మిరప కోతల వలన రాలేనివారు రాత్రి కూటములో చెప్పవచ్చు. మొదటి ప్రశ్న ఆదికాండము 6, 7, 8 అధ్యాయాల నుండి. రెండవది నాలుగు సువార్తలలో సిలువ మోసిన దారి గురించి. మూడవది యోహాను 9 నుండి. శిష్యులు ఇచ్చిన రెండు ఆప్షన్లూ కాదన్న తరువాత ప్రభువు ఏమి చెప్పెను? చెప్పిన వెంటనే ఏమి చేసెను? ఇంటి దగ్గరే చదువుకొని రండి.